ఇంజిన్ శబ్దం విని ట్రాక్టర్ కొనకండి

దమ్ముల కాలం దగ్గరపడితే చాలు, మా ట్రాక్టర్ రిపేరు షెడ్డుకు ఫోన్లు మొదలవుతాయి. "పాత బండి ఒకటి చూశాం, ఒక్క సెల్ఫుకే అందుకుంది, పొగ లేదు, బయానా ఇచ్చాం. ఒకసారి వచ్చి చూస్తావా అన్నా?" బయానా ఇచ్చాక నేను చూసేది ఏముంటుంది?

అపోహ: ఇంజిన్ బాగుంటే బండి బాగున్నట్టే.

జనాన్ని నిలువునా ముంచుతున్నది ఈ నమ్మకమే. పాత బండిలో ఇంజిన్ తన రోగం దాచుకోదు. నల్ల పొగ వస్తే ఎయిర్ ఫిల్టరో డీజిల్ చిమ్మే నాజిళ్లో చూడాలి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది, పిస్టన్ రింగులో సిలిండర్ లైనర్లో అరిగాయి. ఇంజిన్ విప్పి వాటిని మార్చే బోరు పని చేయిస్తే దారికొస్తుంది, అది తెలిసిన మెకానిక్ మిర్యాలగూడలోనూ దొరుకుతాడు, దేవరకొండలోనూ దొరుకుతాడు. అసలు ఖర్చు సీటు కింద, గేర్ బాక్సులో, వెనుక ఇరుసులో ఉంటుంది.

సాగర్ ఎడమ కాలువ కింద తిరిగిన బండి వానాకాలం, యాసంగి రెండింటికీ బురదలో దిగుతుంది. కేజ్ వీల్స్ (బురదలో తిరిగే ఇనుప చక్రాలు) వేసి ఇరుసు మునిగేదాకా తోలుతారు. ఇరుసు చివరి ఆయిల్ సీల్ అరిగితే బురద నీళ్లు లోపలికి పోతాయి. చాలా మోడళ్లలో గేర్ బాక్సుకు, వెనుక చక్రాలకు బలం పంచే డిఫరెన్షియల్‌కు, పనిముట్లు ఎత్తే హైడ్రాలిక్‌కు ఒకటే ఆయిల్. నీళ్లు ఒకచోట దూరితే బేరింగులు, డిఫరెన్షియల్‌లోని క్రౌన్ పినియన్ గేర్లు, హైడ్రాలిక్ పంపు అన్నీ దెబ్బతింటాయి. అప్పుడు బండిని మొత్తం విప్పాల్సిందే.

అందుకే పొద్దున్నే, బండి కదలకముందే వెళ్లండి. రాత్రంతా నిలిచిన బండిలో నీరు అడుక్కు చేరుతుంది. వెనుక హౌసింగ్ కింది డ్రెయిన్ బోల్టు కొద్దిగా వదులు చేస్తే ముందు ఆ నీరే కారుతుంది. ఆయిల్ రంగు పాలు ఎక్కువైన చాయ్‌లా కనిపిస్తే బేరం మాట ఎత్తకుండా వచ్చేయండి. బోల్టుకు అంటిన ఇనుప రజను వేళ్ల మధ్య రుద్దండి. మెత్తగా ఉంటే మామూలు అరుగుదల. పలుకులు గుచ్చుకుంటే లోపల గేర్ల పళ్లు రాలుతున్నాయి. "నిన్ననే కొత్త ఆయిల్ పోయించా" అని అమ్మేవాడు గొప్పగా చెబితే సంబరపడకండి, ఎందుకు పోయించాల్సి వచ్చిందో అడగండి.

అచ్చంపేట వైపు రైతు ఒకాయన వేరుశనగ చెల్క కోసం నిడమనూరు దగ్గర ఏపీ 24 నంబరు (ఉమ్మడి రాష్ట్రం నాటి నల్గొండ జిల్లా రిజిస్ట్రేషన్) బండి కొన్నాడు. పెయింటు తళతళ, ఇంజిన్ బంగారం. నెలలోపే వెనుక మోత. విప్పుతుంటే పక్కనే స్టూలు మీద కూర్చుని, నేను బేరింగు తీసిన ప్రతిసారీ "ఇదీ పోయిందా అన్నా?" అని అడిగాడు. తలూపడం తప్ప ఏం చెప్పను? ఇంజిన్‌లో మాత్రం ఒక్క బోల్టు కూడా ముట్టుకోలేదు.

అపోహ: మీటరు తక్కువ తిరిగింది.

పాత బండ్లలో ఇంజిన్ తిరిగిన గంటలు చూపే మీటరు కేబుల్‌తో నడుస్తుంది. తెగితే మార్పించేవాడు అరుదు. తెగకపోయినా, ఇంజిన్ నెమ్మదిగా తిరిగితే గంటలు తక్కువే లెక్కిస్తుంది. మీటరు వదిలేసి క్లచ్ పెడలు అరుగుదల, ట్రాలీ తగిలించే రంధ్రం ఎంత సాగిందో చూడండి.

అపోహ: పాతది ఇనుము, కొత్తది రేకు.

సగం నిజం. మెకానికల్ డీజిల్ పంపు, సెన్సార్లు లేని వైరింగు, అందుబాటులో విడిభాగాలు పాత బండికి నిజమైన బలం. 2023 నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త బండ్లకు పొగ నిబంధనలు కఠినమై ఎలక్ట్రానిక్స్ వచ్చాయి, అవి ఊరి మెకానిక్ చేతికి అందవు. కానీ పాతవాటి డ్రై (ఆయిల్‌లో మునగని) బ్రేకుల్లోకి బురద పోతే వడ్ల ట్రాలీతో దిగుడులో ఆగవు. సింగిల్ క్లచ్ బండికి రోటావేటర్ తగిలిస్తే, క్లచ్ తొక్కినప్పుడల్లా అదీ ఆగుతుంది. గొర్రుతో సరిపెట్టుకునేవారికి ఆ ఇబ్బంది లేదు.

అపోహ: చేలో తిరిగే బండికి కాగితాలెందుకు?

ఆర్సీలో ఫైనాన్స్ (అప్పు) ఎంట్రీ ఉంటే, పాత యజమాని వాయిదాలు కట్టకపోతే ఫైనాన్స్ వాళ్లు బండిని మీ చేలోంచే తీసుకుపోతారు. ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఆర్సీలో అప్పు ఎంట్రీ తీసేయడానికి వాళ్లు సంతకం చేసిన ఫారం 35 చేతికి రానిదే మిగతా డబ్బు ఇవ్వకండి. ట్రాలీకి రిజిస్ట్రేషన్ వేరు, దాని ఆర్సీ కూడా అడిగి తీసుకోండి.