పిల్లలూ గ్రంథాలయమూ: విశాఖలో తరచూ వినే అపోహలు

పిల్లల విభాగంలో పనిచేస్తాను. తల్లిదండ్రులు నాతో ఎక్కువగా అనే మాటలివి.

అపోహ: లైబ్రరీ పోటీ పరీక్షలవాళ్ళకే.

వాస్తవం: రీడింగ్ హాల్లో గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివేవాళ్ళే కనిపిస్తారు కాబట్టి అలా అనిపిస్తుంది. కానీ 1886లోనే విశాఖలో సరస్వతీ నిలయం పేరుతో గ్రంథాలయం పెట్టిన మంతెన ఆదినారాయణమూర్తి గారు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు. 1960 నాటి చట్టం ప్రకారం ఇంటి పన్నుతోపాటే గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. అందులో మీ రెండో తరగతి పిల్లకీ వాటా ఉంది.

అపోహ: చదవడం వచ్చాక తీసుకొస్తాం.

వాస్తవం: నన్ను అన్నిటికన్నా బాధపెట్టే మాట ఇదే. మూడేళ్ళ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం పైకి చదవండి. పేజీ ఎటు తిప్పాలో, ఆ గీతల్లో మాటలు దాగున్నాయని, అక్షరాలు రాకముందే తెలిసిపోతుంది. ఇంట్లో వినపడని మాటలెన్నో చెవిన పడతాయి.

ఇంకోటి, కథలు పుస్తకంలోంచే రావాలని లేదు. జాలరిపేటల నుంచి వచ్చే పిల్లలకు అమ్మమ్మలు చెప్పిన కథలు, పొడుపు కథలు బోలెడు వచ్చు. చెప్పించి, వాళ్ళ మాటల్లోనే రాసి, బొమ్మలు వాళ్ళచేతే వేయించి, దారంతో కుట్టి అరలో పెడతాం. ‘ఏటి’ (ఏమిటి), ‘బేగి’ (త్వరగా) అని ఉంటే దిద్దను. తమ ఇంటి కథ అరలో కనిపించిన పిల్ల పక్క పుస్తకాన్నీ చేతిలోకి తీసుకుంటుంది.

అపోహ: చదివిందే చదువుతున్నాడు, టైం వేస్టు.

వాస్తవం: తడబాటు పోయేది అలాగే. చదవనివ్వండి.

అపోహ: ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగు పుస్తకాలు ఎక్కవు.

వాస్తవం: ఒత్తుల దగ్గర ఆగిపోతారు, నిజమే. అది అలవాటు లేకపోవడం వల్ల. వయసుతో పనిలేదు. పేజీకి రెండు మూడు వాక్యాలున్న పుస్తకంతో మొదలుపెట్టండి. కథ అర్థం చేసుకునే నేర్పు ఒక భాషలో పట్టుబడితే రెండో భాషలోనూ అక్కరకొస్తుంది.

అపోహ: ఫోన్ లాక్కుంటే పుస్తకం పడతారు.

వాస్తవం: అలా చేస్తే పుస్తకం శిక్షలా తోస్తుంది. మీరూ ఫోన్ పక్కన పెట్టి, ఓ పుస్తకం తీసి వాళ్ళ దగ్గర కూర్చోండి.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. పోటీలకు పిల్లల్ని తప్పకుండా పంపండి, డిసెంబరులోనూ పంపండి. పుస్తకం వాళ్ళనే ఎంచుకోనివ్వండి. పక్కన నిలబడి ‘అదొద్దు, జీకేది తీసుకో’ అనకండి.