ఉప్పుకు రెండు రోజులు, నిప్పుకు పది నిమిషాలు

"స్టేక్‌కి పొడి మసాలా పట్టించి ఎంతసేపు ఉంచితే ముక్క లోపలి దాకా దిగుతుంది?" అని ఒక పాఠకుడు అడిగారు. స్టేక్ అంటే మందంగా కోసిన మాంసం ముక్క. ఇంట్లోనే డ్రై రబ్, అంటే ఆ పొడి మసాలా, కలుపుకుని బొగ్గుల మీద గ్రిల్ చేసుకోవాలని ఆయన సరదా. గంట చాలని ఒకరన్నారట, రాత్రంతా ఉంచాలని ఇంకొకరు, రెండు రోజులైతే గాని రుచి పట్టదని మూడో ఆయన. ఎవరి మాట వినాలి?

మసాలా వరకైతే ఎవరి మాటా వినక్కర్లేదు. అది దిగదు. గంటకీ దిగదు, రెండు రోజులకీ దిగదు. డ్రై రబ్‌లో లోపలికి చెప్పుకోదగ్గంత ప్రయాణం చేసేది ఒక్క ఉప్పే. ఉప్పు లెక్క మాత్రం చాలా మజాగా ఉంటుంది.

మందపాటి ముక్క మీద ఉప్పు చల్లి, పక్కనే కూర్చుని చూడండి. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ జరగదు, గింజలు గింజల్లాగే ఉంటాయి. తర్వాత ఒక్కో గింజ చుట్టూ చెమ్మ కనిపిస్తుంది. పావుగంటకల్లా పైనంతా మెరిసే నీటి బొట్లు తేలతాయి. ఇది ద్రవాభిసరణం. బయట ఉప్పు గాఢత ఎక్కువ కాబట్టి కణాల్లోని నీరు బయటికి వస్తుంది. బడిలో ఈ పాఠం ఇక్కడితో ఆపేస్తారు. పిల్లలకు 'ఉప్పు నీళ్లు లాగుతుంది' అన్న ముక్క ఒక్కటే గుర్తుండిపోతుంది. పెద్దయ్యాక వాళ్లే 'ముందుగా ఉప్పేస్తే మాంసం ఎండిపోతుంది' అంటారు.

పాఠం రెండో సగం చూడాలంటే ఇంకో అరగంట కూర్చోవాలి. బయటికొచ్చిన నీటిలో ఉప్పు కరిగి చిక్కటి ఉప్పునీరవుతుంది. అందులోని సోడియం, క్లోరైడ్ అయాన్లు మెల్లగా మాంసంలోకి నడుస్తాయి. క్లోరైడ్ అయాన్లు కండర తంతువులకు అంటుకుంటే వాటి మధ్య విద్యుత్ వికర్షణ పెరుగుతుంది, తంతువులు ఒకదాన్నొకటి నెట్టుకుని ఎడం జరుగుతాయి. మయోసిన్ అనే ప్రోటీన్ కొంత కరుగుతుంది. ఇలా ఎడమైన చోట నీరు నిలుస్తుంది. ఇందాక బయటికొచ్చిన నీరు చాలావరకు వెనక్కి పోతుంది, కాల్చేటప్పుడు కూడా కొంచెం గట్టిగా పట్టుకుని ఉంటుంది. దాదాపు గంట గడిచేసరికి పైన తేలిన నీటి బొట్లు మాయమవుతాయి. కాబట్టి ఉప్పేసి పది నుంచి ముప్పై నిమిషాల మధ్య కాల్చడమంత తెలివితక్కువ పని లేదు. వేస్తే నిప్పుల మీద పెట్టబోయే క్షణంలో వేయాలి, లేదంటే గంట ముందైనా వేయాలి.

ఇప్పుడు లెక్క. నీటిలో ఉప్పు వ్యాపించే వేగాన్ని చెప్పే అంకె సెకనుకు సుమారు 0.0015 చదరపు మిల్లీమీటర్లు. మాంసంలో తంతువులు అడ్డం, దారి వంకరటింకర. అందుకని అందులో మూడో వంతు, 0.0005 అనుకుందాం. దూరం వర్గం అంటే ఈ అంకెకు రెండు రెట్లు, ఇంటూ కాలం. ఒక గంటకు, అంటే 3600 సెకన్లకు, 3.6 వస్తుంది. దాని వర్గమూలం 1.9. గంటకు దాదాపు 2 మి.మీ. అన్నమాట. రెండు గంటలకు నాలుగు మి.మీ. అనుకుంటున్నారా? కాదు. ఇక్కడ రెట్టింపు దూరానికి నాలుగు రెట్ల సమయం కావాలి. అయాన్లు ఒక దారి పట్టి సాగవు, నీటి అణువుల తోపులాటలో ముందుకీ వెనక్కీ ఊగుతూ పోతాయి. తొమ్మిది గంటల రాత్రికి మూడు రెట్ల దూరమే, 5.7 మి.మీ. రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్న ముక్కలో నడిమధ్యకు, అంటే 12.5 మి.మీ. దూరానికి చేరాలంటే 43 గంటలు. రెండు రోజులన్న మూడో ఆయన ఉప్పు విషయంలో దాదాపు కరెక్టే! అయినా అంత ఓపిక అక్కర్లేదు. ఒక రాత్రి ఉంచితే రెండు వైపుల నుంచీ కలిపి మందంలో దాదాపు సగానికి ఉప్పందుతుంది, నోటికి అది బాగా చాలు.

మరి మిగతావి ఎందుకు దిగవు? మిరియాల ఘాటు పైపరీన్‌ది, మిరపకారం మంట కాప్సైసిన్‌ది, పాప్రికా (మంట తక్కువున్న ఎర్ర మిరప పొడి) ఎరుపు కాప్సాంథిన్‌ది. మూడూ నూనెలో కరిగే రకం, నీటితో వాటికి పొత్తు లేదు. మాంసం చూస్తే నాలుగింట మూడొంతులు నీరే. పైగా సోడియం అయాను పరమాణు భారం 23 అయితే పైపరీన్ అణుభారం 285, కాప్సాంథిన్‌ది 585. వీటికి ఉప్పు వెళ్లే దారి లేదు. పైన ఉన్న కొవ్వులోకి కాస్త ఇంకుతాయి, అంతే. వాటి చోటు పైనే, అదేమీ లోపం కాదు. ముక్క కోసి నోట్లో పెట్టుకున్నప్పుడు పై పొర కూడా కలిసే వస్తుంది కదా.

అందుకే నేను రబ్‌ని రెండు భాగాలు చేయమంటాను. ఉప్పు విడిగా, కిలో మాంసానికి 10 నుంచి 12 గ్రాములు. చెంచాతో కాదు, తూకం వేసి తీసుకోవాలి. ఎందుకంటే చెంచాడు సన్న ఉప్పుకీ, చెంచాడు రాళ్ల ఉప్పుకీ బరువులో చాలా తేడా. దాన్ని ముందు రోజు రాత్రి పట్టించి, ముక్కను ఏమీ కప్పకుండా ఫ్రిజ్‌లో జాలీ మీద పెట్టండి, అడుగున గాలి ఆడాలి. కచ్చాపచ్చాగా దంచిన మిరియాలు, పాప్రికా, వెల్లుల్లి పొడి, ఉల్లి పొడి, వేయించి దంచిన జీలకర్ర, ధనియాలు మీ ఇష్టం కొద్దీ కలిపి కాల్చే ముందు అద్దుకుంటే చాలు. మిరియాలు మాత్రం మెత్తగా చేయొద్దు, మెత్తటి పొడి నిప్పుల మీద ఇట్టే మాడి చేదెక్కుతుంది. కొని తెచ్చుకునే రబ్ పొడుల్లో చాలా వాటిలో పంచదార దండిగా ఉంటుంది. తక్కువ సెగ మీద గంటల తరబడి వండే మాంసానికి అది బాగుంటుంది, స్టేక్‌కి దండగ. ఎందుకో చెప్పాలంటే నీటి సంగతి తెలియాలి.

స్టేక్ కాల్చడం అంటే నిజానికి పై పొరను ఆరబెట్టడమే. తడి బట్ట మీద ఇస్త్రీపెట్టె పెట్టండి. సుయ్‌మంటుంది, ఆవిరి లేస్తుంది, బట్ట మాడదు. పెట్టె 200 డిగ్రీల వేడిలో ఉన్నా, తడి ఉన్నంతసేపు బట్ట 100 డిగ్రీల దగ్గరే ఆగుతుంది, వచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. తడి ఆరిన మరుక్షణం అదే పెట్టె అదే చోట గోధుమరంగు మచ్చ వేస్తుంది. స్టేక్ మీద మనకు కావలసింది ఆ మచ్చే, ముక్కంతా పరుచుకున్న మచ్చ. అది బాగా రావాలంటే 140 డిగ్రీలు దాటాలి. తడి ఉన్నంతసేపు 100 దాటనివ్వదు. చొక్కా అంతా ఒకేసారి ఆరదు, కాలరు దగ్గర, జేబు కుట్ల దగ్గర తడి నిలుస్తుంది. స్టేక్ మీది గుంటల్లోనూ అంతే, అక్కడక్కడా బూడిదరంగు మచ్చలు మిగిలేది అందుకే. బట్ట మీద మళ్లీ నీళ్లు చల్లితే ఏమవుతుందో, మారినేడ్ (మాంసాన్ని నానబెట్టే మసాలా ద్రవం) కారుతూ ఉండగా ముక్కను నిప్పుల మీద వేస్తే అదే అవుతుంది. గంజి పెట్టిన బట్ట మామూలు బట్ట కన్నా ముందు మాడుతుంది. రబ్‌లో పంచదార చేసే పని అదే, లోపల ఉడకకముందే పైన నల్లబడుతుంది. అట్లకాడతో ముక్కను అదిమేవాళ్లున్నారు, అదిమితే లోపలి నీరు పైకొచ్చి ఆరిన చోటే మళ్లీ తడుస్తుంది. ఒక్క తేడా ఉంది: బట్ట పూర్తిగా ఆరిపోతుంది, మాంసంలో అడుగు నుంచి నీరు వస్తూనే ఉంటుంది. అందుకే ఆరిన పొర ఒకటి రెండు మిల్లీమీటర్లు దాటదు. దాటితే అది స్టేక్ కాదు, చెప్పు అట్ట.

ఈ తడి ఎంత వేడి తింటుందో అంకెల్లో చూస్తే మతిపోతుంది. ఒక గ్రాము నీటిని 25 నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 314 జౌళ్లు చాలు. ఆ 100 డిగ్రీల నీటిని ఆవిరి చేయడానికి 2257 జౌళ్లు, ఏడు రెట్లు. ముక్క మీద ఒక చెంచాడు, 5 గ్రాముల నీరుందనుకోండి. దాన్ని వదిలించడానికి దాదాపు 13 కిలోజౌళ్లు. 200 గ్రాముల ముక్క మొత్తాన్ని ఫ్రిజ్ చల్లదనం నుంచి 55 డిగ్రీలకు వేడి చేయడానికి పట్టేది 35 కిలోజౌళ్లే! చెంచాడు నీళ్లు అందులో మూడో వంతుకు పైగా మింగేస్తున్నాయి. కాగితపు తువాలుతో ఒత్తి తుడవడం అర నిమిషం పని. రాత్రంతా ఫ్రిజ్‌లో కప్పకుండా పెడితే ఆ పొడి గాలే తుడిచిపెడుతుంది.

గోధుమరంగు చర్యను ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీ మయార్ 1912లో ప్రకటించాడు. ఆయన వంట గురించి వెతకలేదు, శరీరంలో ప్రోటీన్లు ఎలా తయారవుతాయోనని అమైనో ఆమ్లాలను చక్కెరలతో కలిపి వేడి చేశాడు. చర్య మెట్లను అమెరికా వ్యవసాయ శాఖలో పనిచేసిన జాన్ హాడ్జ్ 1953లో వరసపెట్టి చూపించాడు. అమైనో సమూహం చక్కెరలోని కార్బొనిల్ సమూహంతో కలిసి, ఒక నీటి అణువును వదిలి షిఫ్ బేస్ అవుతుంది. అది అమడోరి పునర్విన్యాసంతో రూపు మార్చుకుంటుంది, ఆపైన విరిగి డైకార్బొనిల్స్ వస్తాయి, అవి ఇంకొన్ని అమైనో ఆమ్లాలను స్ట్రెకర్ పద్ధతిలో విడగొట్టి ఆల్డిహైడ్‌లను పుట్టిస్తాయి. కమ్మటి వాసనలో పైరజీన్‌లు, గంధకమున్న థయోఫీన్‌లు, రంగులో మెలనాయిడిన్‌లు. పేర్లు మర్చిపోయినా ఫర్వాలేదు, మొదటి మెట్టు ఒక్కటి గుర్తుంచుకోండి: అక్కడే నీటి అణువు బయటికి పోవాలి. చుట్టూ నీరే ఉంటే అది పోవడం కష్టం. నీరు వేడిని ఆపడమే కాదు, చర్యకూ అడ్డుపడుతుందన్నమాట. ఉల్లి పొడి మంచి రంగు తేవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. అందులో గ్లూకోజ్, ఫ్రక్టోజ్ ఉంటాయి, అవి ఈ చర్యకు నేరుగా పనికొస్తాయి. పంచదార అలా పనికిరాదు, ముందు విరగాలి.

ఇంత ఆవిరి కళ్లముందే లేస్తున్నా, 'ఎక్కువ సెగ మీద పైపైన కాలిస్తే రసాలు లోపలే సీలైపోతాయి' అని ఇప్పటికీ చెప్పేవాళ్లకు కొదవ లేదు. మూఢనమ్మకాలన్నీ చదువురానివాళ్ల దగ్గర పుడతాయనుకుంటాం. దీన్ని జనంలోకి తెచ్చింది 19వ శతాబ్దపు మహా రసాయన శాస్త్రవేత్తల్లో ఒకడైన యూస్టస్ ఫాన్ లీబిగ్, 1847లో. కాలిన పొర నీటిని ఆపేదే అయితే ఆ సుయ్ శబ్దం ఆగిపోవాలి. అది ముక్క దించేదాకా వినిపిస్తూనే ఉంటుంది.

ఇక వేడి లోపలికి ఎలా పోతుంది? ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ లెక్క ఉప్పు లెక్కే. ఫ్రెంచి గణిత శాస్త్రవేత్త ఫూరియే 1822లో వేడి ప్రవాహానికి సమీకరణం ఇచ్చాడు, 1855లో జర్మన్ శరీరధర్మ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫిక్ దాన్నే కరిగిన ఉప్పుకు అన్వయించాడు. మారేది అంకె ఒక్కటే. మాంసంలో వేడికి అది సెకనుకు సుమారు 0.13 చదరపు మి.మీ., ఉప్పుకు అనుకున్న దానికి 260 రెట్లు. 12.5 మి.మీ. వర్గం 156, దాన్ని 0.26తో భాగిస్తే 600 సెకన్లు. పది నిమిషాలు! రెండున్నర సెంటీమీటర్ల స్టేక్‌కి గ్రిల్ మీద పట్టే సమయం దరిదాపుల్లో ఇదే. మందం రెట్టింపైతే నలభై నిమిషాలు. అంతసేపు కణకణలాడే బొగ్గుల మీద ఉంచితే పైన బొగ్గే మిగులుతుంది. అందుకే బొగ్గులన్నీ ఒక పక్కకు నెట్టి, మందపాటి ముక్కను రెండో పక్కన తక్కువ సెగలో ఉడకనిచ్చి చివర్లో నిప్పుల మీదికి తెస్తారు.

నిప్పుల వేడి ఎక్కువగా వికిరణంగా వస్తుంది. అది పరమ ఉష్ణోగ్రత (మైనస్ 273 డిగ్రీల నుంచి మొదలెట్టి కెల్విన్లలో లెక్కపెట్టేది) నాలుగో ఘాతాన్ని బట్టి పెరుగుతుంది. బూడిద కప్పి 800 కెల్విన్ ఉన్న బొగ్గును విసిరి 1000 కెల్విన్‌కి తెస్తే సెగ దాదాపు రెండున్నర రెట్లవుతుంది. 'ఒక్కసారే తిప్పాలి' అన్నది కూడా శాస్త్రం లేని నియమం. నిమిషానికోసారి తిప్పితే రెండు వైపులా సమంగా ఉడుకుతుంది. మాడిన మాంసంలో క్రియాటిన్ నుంచి పుట్టే హెటెరోసైక్లిక్ అమీన్లు, క్యాన్సర్ అనుమానమున్న పదార్థాలు, కూడా తగ్గుతాయి. నల్లగా మాడిన అంచులు కోసి పారేయండి.

కోసినప్పుడు కారే ఎర్రటి నీరు రక్తం కాదు, మయోగ్లోబిన్ కలిసిన నీరు. 60 డిగ్రీల దగ్గర నుంచి ఆ ప్రోటీన్ రూపు చెడి గోధుమరంగుకి తిరుగుతుంది. కానీ రంగు చూసి ఉడికిందని నమ్మొద్దు, థర్మామీటర్ గుచ్చి చూడండి. అమెరికా వ్యవసాయ శాఖ చెప్పేది కోత ముక్కకు 63 డిగ్రీలు, ఆపైన మూడు నిమిషాల విరామం. కైమాకైతే 71, ఎందుకంటే ముక్కలో పైన మాత్రమే ఉండే బ్యాక్టీరియా కైమా కొట్టినప్పుడు లోపలంతా కలిసిపోతుంది. దించాక కూడా పై పొరల వేడి లోపలికి నడుస్తూనే ఉంటుంది, మందపాటి ముక్క మధ్యలో మూడు నాలుగు డిగ్రీలు పెరుగుతుంది. 63 కావాలంటే 59, 60 దగ్గర దించి, మళ్లీ గుచ్చి చూసుకుంటే సరి. ఆ కాసేపూ అల్యూమినియం రేకు గట్టిగా చుట్టకండి, లోపల చేరిన ఆవిరి అంత కష్టపడి ఆరబెట్టిన పై పొరను మెత్తబరుస్తుంది.