గర్భసంచి ఆపరేషన్‌కు ముందు కటి కండరాలకు పని చెప్పాలా?

గర్భసంచి జారిందని తేలి ఆపరేషన్‌కు తేదీ తీసుకున్న స్త్రీకి సలహాలకు కొదవ ఉండదు. కటి కండరాల వ్యాయామం చేస్తే కత్తి అవసరమే రాదని ఫోనులో వీడియోలు చెబుతాయి. ఎలాగూ కుట్టి పైకి లేపుతారు కదా, ఇప్పుడు ఈ వ్యాయామాలెందుకని ఇంట్లోవాళ్లు అంటారు. ఆపరేషన్‌కు ముందున్న వారాల్లో ఈ వ్యాయామం ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తేల్చడానికి మంచి పరిశోధనలే జరిగాయి. వాటి ఫలితాలు వీడియోలవాళ్లను సంతోషపెట్టవు, అలాగని ఇంట్లోవాళ్ల మాటనూ పూర్తిగా సమర్థించవు.

ముందు ఆ కండరాల సంగతి చూద్దాం. కటి ఎముకల వలయానికి అడుగున, ముందున్న జఘనాస్థి నుంచి వెనుక తోక ఎముక దాకా, రెండు పక్కలా పరచుకున్న కండరాల పొర ఒకటి ఉంటుంది. అందులో ముఖ్యమైనదాన్ని వైద్యులు లెవేటర్ ఏనై అంటారు. మూత్రనాళం, యోని, మలద్వారం ఈ పొర మధ్యనున్న చీలిక గుండానే కిందికి దిగుతాయి. మన చేతి కండరాలు పని లేనప్పుడు సడలి ఉంటాయి కానీ ఈ పొర మనం నిలబడినా, కూర్చున్నా కొంత బిగువుతోనే ఉండి, ఆ చీలికను మూసి ఉంచుతుంది. దగ్గినా, తుమ్మినా, బరువెత్తినా పొట్టలో పెరిగే ఒత్తిడిని అది తనంతట తానే కాచుకుంటుంది. గర్భాశయాన్ని పైనుంచి పట్టి ఉంచే బంధకాలు వేరే ఉన్నాయి. దూలానికి కట్టిన ఉట్టిలో కుండ ఉందనీ, దాని అడుగున ఆనుకుని ఒక పీట ఉందనీ అనుకుంటే, కుండ గర్భాశయం, ఉట్టి తాళ్లు బంధకాలు, పీట ఈ కండరాల పొర. పీట ఉన్నంతకాలం తాళ్ల మీద పెద్దగా బరువు పడదు. పీట కుంగితే బరువంతా తాళ్లు మోయాలి, ఏళ్లు గడిచేకొద్దీ అవి సాగుతాయి. ఆపరేషన్లలో చాలావరకు తాళ్లను బిగించేవీ, సాగిన గోడలను కుట్టేవీ, లేదా గర్భాశయాన్ని తీసేసి మిగిలిన పైభాగాన్ని గట్టి బంధకానికి కట్టేవీ. పీటను బాగుచేసే ఆపరేషన్ అంటూ దాదాపు లేదు. వ్యాయామం మీద ఆశ పుట్టింది ఇక్కడే.

పీట కుంగడానికి మొదటి కారణం కాన్పు. బిడ్డ తల బయటికి వచ్చే సమయంలో ఈ కండరంలోని లోపలి భాగం తన మామూలు పొడవుకు మూడు రెట్లకు పైగా సాగవలసి వస్తుందని కంప్యూటరు నమూనాలు చూపాయి. కొందరిలో అది జఘనాస్థి నుంచి ఊడి వస్తుంది. బిడ్డ తలను పట్టి లాగే పటకారు లాంటి ఫోర్సెప్స్ వాడిన కాన్పుల్లో ఈ ప్రమాదం ఎక్కువ. తరవాత వయసు, ముట్లుడగడం, అధిక బరువు, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, రోజువారీ మోత వచ్చి చేరతాయి. వేసవిలో ట్యాంకరు రాగానే బిందెలతో మూడంతస్తులు ఎక్కే బస్తీ స్త్రీకీ, నిర్మాణ స్థలంలో తలమీద ఇసుక తట్ట మోసే కూలీకీ ఈ మోత గురించి పుస్తకం చదివి చెప్పనక్కర్లేదు. బాలింతగా ఉన్నప్పుడే ఆ పనుల్లోకి దిగవలసి రావడం మరింత చేటు.

ఇక్కడ ఒక పక్కమాట. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు ఉంటే, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో 8 శాతానికి పైగా ఉన్నారు. ఇందులో జారడం వల్ల తీయవలసి వచ్చినవి కొన్నే. తెల్లబట్ట అయినా, నడుంనొప్పి అయినా ‘తీసేస్తే పీడ పోతుంది’ అనే మాట మన దగ్గర ఎంత తేలిగ్గా వస్తుందో ఈ అంకెలే చెబుతాయి. అందుకే కొద్దిగా జారిన దశలో ఆపరేషన్‌కు ముందు వ్యాయామం గురించి అడగడాన్ని నేను చాదస్తంగా చూడను.

కొద్దిగా జారడం, ఎక్కువ జారడం అనే తేడాను వైద్యులు యోనిముఖం దగ్గరి కన్నెపొరను హద్దుగా పెట్టుకుని కొలుస్తారు. 1996 నుంచి వాడుకలో ఉన్న ఈ కొలతలో సున్నా నుంచి నాలుగు దాకా దశలున్నాయి. రెండో దశ అంటే జారిన భాగం ఆ హద్దుకు ఒక సెంటీమీటరు అటూఇటూ ఉన్నట్టు. అది హద్దు దాటి వచ్చాకనే చాలామందికి ‘కింద ఏదో తగులుతున్నది’ అనిపిస్తుంది. ఒకటి, రెండు దశల్లో ఉండి బాధ కలిగిస్తుంటే శిక్షకురాలి పర్యవేక్షణలో కనీసం 16 వారాల వ్యాయామాన్ని మొదటి చికిత్సగా పరిశీలించాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2019లో సూచించింది. దాని వెనుక గట్టి ఆధారమే ఉంది. బ్రిటన్, న్యూజీలాండ్, ఆస్ట్రేలియాలలో 447 మంది స్త్రీలతో జరిగి 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, ఫిజియోథెరపిస్టు దగ్గర విడివిడిగా నేర్చుకున్నవారికి, కరపత్రం మాత్రమే అందుకున్నవారికన్నా ఏడాది తరవాత బాధలు తక్కువగా ఉన్నాయి. నార్వేలో 109 మందితో జరిగి 2010లో వెలువడిన మరో పరిశోధనలో, ఆరు నెలల వ్యాయామం తరవాత 19 శాతం మందిలో జారడం ఒక దశ తగ్గింది. వ్యాయామం చేయని జట్టులో అది 8 శాతం. ఆ జట్టుతో పోలిస్తే మూత్రాశయం సగటున 3 మిల్లీమీటర్లు పైకి లేచినట్టు స్కానింగులో కనిపించింది. ఈ మిల్లీమీటర్లను చిన్నచూపు చూడనక్కర్లేదు గానీ, నాలుగో దశలో పూర్తిగా బయటికి వచ్చిన గర్భాశయాన్ని ఇవి లోపలికి తీసుకుపోతాయని అనుకోవడం అత్యాశ.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఆపరేషన్ ఖాయమైపోయినవారికి ముందస్తు వ్యాయామం వల్ల ఆ ఆపరేషన్ మరింత బాగా నిలబడుతుందా? అమెరికాలో 374 మందితో జరిగి 2014లో ఫలితాలు ప్రకటించిన పరిశోధనలో సగంమందికి ఆపరేషన్‌కు రెండు నుంచి నాలుగు వారాల ముందు ఒకసారి, తరవాత నాలుగుసార్లు శిక్షణ ఇచ్చారు. ఆరు నెలలకు మూత్ర సంబంధ బాధల్లోనూ, రెండేళ్లకు జారడంలోనూ రెండు జట్లకూ తేడా కనబడలేదు. ఒక్కసారి నేర్పితే ఏం బలం వస్తుంది అని ఎవరైనా అడగవచ్చు. నార్వేలోని ట్రోండ్‌హైమ్‌లో ఆ అనుమానానికే సమాధానం వెతికారు. ఆపరేషన్ కోసం ఎదురుచూస్తున్న 159 మందిలో సగంమంది చేత, సగటున 22 వారాలు సాగిన ఆ నిరీక్షణ కాలంలో వ్యాయామం చేయించారు. ఆపరేషన్ తరవాత రెండు జట్లలోనూ కండరాల బిగింపు మెరుగైంది, బాధలు తగ్గాయి. వ్యాయామం చేసినవారికి అదనంగా దక్కినదేమీ లేదు.

ఇలా ఎందుకు జరిగి ఉంటుంది? కిందికి జారిన అవయవం చీలికను తెరిచి పెట్టి ఉంచినప్పుడు, ఆ చుట్టూ ఉన్న కండరం సాగిన స్థితిలోనే పని చేయవలసి వస్తుంది. ఆపరేషన్‌తో ఆ అడ్డు తొలగగానే కండరానికి తన పొడవు తనకు తిరిగి వస్తుంది. వ్యాయామం ఇవ్వవలసిన లాభంలో కొంత ఆపరేషనే అందరికీ ఇచ్చేస్తున్నదన్నమాట. ఇక ఎముక నుంచి ఊడిపోయిన కండరాన్ని ఎంత బిగించినా తిరిగి అతుక్కోదు. మళ్లీ జారే అవకాశం ఎక్కువగా ఉన్నది వీరికే. ఈ రెండు కారణాలూ నాకు సబబుగానే తోస్తాయి, ముఖ్యంగా రెండోది. కాబట్టి ‘ఇది చేస్తే ఆపరేషన్ ఇంకా గట్టిగా నిలుస్తుంది’ అని రోగికి మాట ఇవ్వడం సరికాదు.

అయినా ఆ వారాల్లో నేర్చుకోదగినది ఒకటుంది. తనకు ఆ కండరం ఎక్కడుందో, దాన్ని బిగించినప్పుడు ఎలా ఉంటుందో కనుక్కోవడం. ఇది వినడానికి తేలిక, చేయడానికి కాదు. అమెరికా స్త్రీవైద్యుడు ఆర్నాల్డ్ కెగెల్ 1948లో ఈ వ్యాయామాన్ని ప్రచారంలోకి తెచ్చినప్పుడే, బిగింపును కొలిచి చూపే పరికరాన్ని కూడా జత చేశాడు. నోటిమాటతో చెబితే చాలదని ఆయనకు తెలుసు. 1991లో 47 మంది స్త్రీలకు మాటలతో మాత్రమే నేర్పి పరీక్షిస్తే, సగంమంది కూడా సరిగ్గా చేయలేకపోయారు. నలుగురిలో ఒకరు చేసిన తీరు మూత్రం కారడాన్ని పెంచేలా ఉంది.

ఆ తప్పు ఎలా ఉంటుందో దగ్గరగా చూద్దాం. ఉప్పల్ నుంచి వచ్చిన, యాభై దాటిన ఒకావిడ మోకాళ్లు మడిచి వెల్లకిలా పడుకుని ఉందనుకోండి. ఫిజియోథెరపిస్టు అనుమతి అడిగి, తొడుగు వేసుకున్న వేలితో లోపలి కండరాన్ని తాకుతూ, “గాలి పోకుండా ఆపుకున్నట్టు లోపలికి లాగండమ్మా” అంటుంది. “లాగుతున్న మేడమ్” అంటుంది ఆవిడ, ఊపిరి బిగబట్టి, పిరుదులు పైకెత్తి, ముఖం ఎర్రబడేదాకా. వేలికి మాత్రం కిందికి తోసినట్టు తగులుతుంది. “అమ్మా, మీరు ముక్కుతున్నరు, పైకి లాగుతలేరు. ఊపిరి వదులుకుంట ఒకటి, రెండు అని పైకి లెక్కపెట్టండి” అన్నాక, లెక్కపెడుతున్న నోరు ఊపిరిని బిగబట్టలేదు గనుక పొట్ట మెత్తబడుతుంది, తొడలు సడలుతాయి, అప్పుడు మొదటిసారి వేలి చుట్టూ సన్నగా ఒక పట్టు, దానితోపాటు లోపలికీ పైకీ ఒక కదలిక తెలుస్తుంది. సున్నా నుంచి ఐదు దాకా ఉన్న కొలతలో అది రెండే కావచ్చు. కానీ ఆవిడకు ఇప్పుడు జాడ దొరికింది. యోగాభ్యాసం ఉన్నవారు మూలబంధం ఇదే కదా అంటారు. దగ్గరి చుట్టమే గానీ, అందులో ఊపిరిని నిలిపే పద్ధతి ఇక్కడ పనికిరాదు.

జాడ దొరికాక మామూలుగా చెప్పే మోతాదు ఇది: ఆరు నుంచి ఎనిమిది సెకన్ల పాటు గట్టిగా బిగించి, అంతసేపూ పూర్తిగా వదిలి, ఇలా 8 నుంచి 12 సార్లు, రోజుకు మూడు విడతలు. వదలడం కూడా వ్యాయామంలో భాగమే. మూత్రం పోస్తూ మధ్యలో ఆపడాన్ని రోజువారీ సాధనగా పెట్టుకోకూడదు, దానివల్ల మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాని అలవాటు పడవచ్చు. కొందరిలో ఈ కండరాలు బలహీనపడటం కాక, ఎప్పుడూ బిగుసుకుపోయి నొప్పి పెడుతుంటాయి. వారు బిగించడం ఆపి సడలించడమే నేర్చుకోవాలి.

షుగరు అదుపులోకి రావాలనో, రక్తం పట్టాలనో ఆపరేషన్ వాయిదా పడే స్త్రీలు మన దగ్గర చాలామంది. ఆ వ్యవధిలో మలబద్ధకాన్ని కుదుర్చుకోవడం, ఆగని దగ్గుకు వైద్యం చేయించుకోవడం వ్యాయామంతో సమానంగా ముఖ్యం. ఆపరేషన్ తరవాత కొత్త కుట్ల మీద పడే మొదటి దెబ్బలు ఈ రెండే. సాయంత్రం వీధి చివర అమ్మే జొన్నరొట్టె, ఆకుకూర పప్పు, సరిపడా నీళ్లు ఇక్కడ మందుల వరసలో చేరతాయి. తేదీ దూరంగా ఉండి బాధ ఎక్కువగా ఉంటే, జారిన భాగాన్ని లోపల నిలిపి ఉంచే రింగ్ పెసరీ గురించి కూడా అడగవచ్చు.

మూత్రం కారడం గురించి ఒక సంగతి మాత్రం ఆపరేషన్‌కు ముందే తెలిసి ఉండాలి. బాగా జారినప్పుడు మూత్రనాళం మెలికపడి, ఉన్న లీకేజీ బయటపడకుండా ఉండిపోవచ్చు. జారిన భాగాన్ని పైకి లేపగానే ఆ మెలిక విడిపోయి, అంతకుముందు ఎన్నడూ లేని స్త్రీకి దగ్గితే మూత్రం కారడం మొదలుకావచ్చు. ఆపరేషన్ చెడిపోయిందని ఆమె బెంగపడుతుంది. దగ్గు, తుమ్ము రాబోయే క్షణానికి ముందే కటి కండరాన్ని బిగించే నేర్పు ఉంటే ఈ లీకేజీ తగ్గుతుందని 1990ల చివర్లోనే తేలింది. ఇందుకు నెలల తరబడి పెంచిన కండబలం అక్కర్లేదు, సమయానికి బిగించడం వస్తే చాలు. కుట్లు పచ్చిగా ఉండి, నొప్పి, వాపు ఉన్నప్పుడు కొత్తగా నేర్చుకోవడం కష్టం కాబట్టి, నేర్పవలసింది ఆపరేషన్‌కు ముందే. చివరి పరీక్షకు వెళ్లినప్పుడు, జారిన భాగాన్ని లోపలికి నెట్టి పట్టుకుని దగ్గించి చూడమని డాక్టరమ్మను అడగవచ్చు. అలా దగ్గినప్పుడు మూత్రం కారితే, ఆ లీకేజీకి కూడా అదే ఆపరేషన్‌లో ఏదైనా చేయాలా, లేక వ్యాయామంతో కొన్నాళ్లు చూడాలా అన్నది ఇద్దరూ కలిసి ముందే తేల్చుకోవచ్చు.