డబ్బాకెక్కని ట్యూనా

టన్ను ట్యూనా ఫ్యాక్టరీ గేటు దాటి లోపలికి వెళ్తే, డబ్బాల్లోకి ఎక్కే మాంసం సగం కూడా ఉండదు. మిగతాదంతా తలకాయలు, వెన్నెముకలు, తోలు, రెక్కలు, పేగులు, ఉడికేటప్పుడు కారిపోయే రసం. చేప సైజును బట్టి, కోసేవాళ్ల నేర్పును బట్టి లెక్క కాస్త అటూ ఇటూ అవుతుంది గానీ పెద్దగా మారదు. నన్నడిగితే ఈ డబ్బాకెక్కని భాగం కథే ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది.

థాయ్‌లాండ్ సంగతే తీసుకోండి. డబ్బా ట్యూనా ఎగుమతిలో ప్రపంచంలో మొదటి స్థానం వాళ్లదే. తమాషా ఏంటంటే ఆ చేపలో చాలా వరకు వాళ్ల సముద్రంలో పట్టింది కాదు, పసిఫిక్‌లో పట్టి, గడ్డకట్టించి ఓడల్లో తెచ్చుకుంటారు. ఎక్కువగా స్కిప్‌జాక్ అనే రకం, మన విశాఖ జాలర్లు సూర అనే చేపల కుటుంబంలోదే. బ్యాంకాక్‌కి దగ్గర్లో, తా చిన్ నది సముద్రంలో కలిసే చోట సముత్ సాఖోన్ అనే ఊరుంది. చేపల ఫ్యాక్టరీలకి పెట్టింది పేరు, పనిచేసేవాళ్లలో చాలామంది మయన్మార్ నుంచి వలస వచ్చినవాళ్లు. గడ్డ కరిగాక చేప పొట్ట చీల్చి, పేగులు తీసేసి, ట్రేల్లో పేర్చి ఆవిరి మీద ఉడికిస్తారు. చల్లారాక బల్లల దగ్గర బారుగా నిలబడ్డ పనివాళ్లు తల విరిచి, చిన్న కత్తితో తోలు గీకి, వెన్ను లాగేసి, తెల్లకండను బద్దలుగా విడదీస్తారు. వెన్ను పక్కన ముదురు ఎరుపు కండ ఒకటుంటుంది, అది మాత్రం ఎక్కువగా పిల్లుల డబ్బాల్లోకి పోతుంది. ఇవన్నీ పోగా బుట్టలో మిగిలింది ఫిష్ మీల్, అంటే కోళ్ల, రొయ్యల మేతల్లో కలిపే చేప పొడి, తయారుచేసే ప్లాంటుకి.

ఆ బుట్టను చెత్తలా చూస్తే అది నిజంగానే చెత్త అయిపోతుంది, అదీ గంటల్లోనే. ట్యూనా కండలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం బాగా ఎక్కువ. వేడి వాతావరణంలో వదిలేస్తే బ్యాక్టీరియా దాన్ని హిస్టమిన్‌గా మార్చేస్తుంది, ఒకసారి తయారయ్యాక ఎంత ఉడికించినా పోదు. పైగా అలాంటి సరుకును డ్రయ్యర్‌లో మాడ్చారంటే గిజరోసిన్ అనే ఇంకో పదార్థం పుడుతుంది. అది మేతలో పడితే కోళ్ల కందనకాయ పుండుపడి, నల్లగా కక్కుకుని చస్తాయి. కోళ్ల రైతులను చాలాకాలం తికమక పెట్టిన ఈ రోగానికి మూలం ఫలానా అని జపాన్ శాస్త్రవేత్తలు 1983లో తేల్చారు. కాబట్టి మంచి ప్లాంటు ఎప్పుడూ చేపను డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీకి దగ్గర్లోనే ఉండాలి, ఎండలో లారీ ఎక్కించి ఎక్కడికో తోలితే ముడిసరుకు దారిలోనే పాడవుతుంది.

ప్లాంటులో జరిగేది, నూనె గానుగ చూసినవాళ్లకి సులువుగానే అర్థమవుతుంది. సరుకును 95 డిగ్రీల దాకా ఉడికిస్తే ప్రొటీన్ గడ్డకట్టి, నూనె, నీరు వదులవుతాయి. స్క్రూ ప్రెస్‌లో పిండితే ఒకవైపు తెలగపిండి లాంటి ముద్ద, ఇంకోవైపు మురికి ద్రవం వస్తాయి. ఆ ద్రవాన్ని సెంట్రిఫ్యూజ్‌లో గిర్రున తిప్పితే తేలికైన నూనె విడిపోతుంది. మిగిలిన నీళ్లని స్టిక్ వాటర్ అంటారు, చిక్కబడేకొద్దీ జిగురుజిగురుగా అవుతాయి. చూస్తే ఎవరికైనా పారబోయాలనే అనిపిస్తుంది. కానీ ముడిసరుకులో ఉన్న మొత్తం ఘనపదార్థంలో ఐదో వంతు దాకా ఆ నీళ్లలోనే ఉండొచ్చు, పారబోస్తే అంత మీల్ పోయినట్టే, పైగా అది కాలువలో కలిస్తే అక్కడి ఆక్సిజన్ అంతా ఖర్చయిపోయి ఉన్న చేపలు చచ్చిపోతాయి. అందుకే ఎవాపరేటర్‌లో చిక్కబెట్టి, మళ్లీ ముద్దలోనే కలిపి ఆరబెడతారు. ఎవాపరేటర్ కొనడానికి, దానికి ఆవిరి సరఫరా చేయడానికి బాగా ఖర్చవుతుంది, చిన్న ప్లాంట్లు చేతులెత్తేసేది సాధారణంగా ఇక్కడే.

ఆరాక తేమ 10 శాతం దగ్గరికి దిగాలి. పొడి చేసి బస్తాల్లో పోసేస్తే పని అయిపోయిందనుకుంటాం గానీ, చేప కొవ్వు గాలి తగిలితే వేడెక్కే రకం. బస్తాలు దగ్గరదగ్గరగా పేర్చిన గోడౌన్‌లో ఆ వేడి బయటికి పోలేక, ఎవరూ అగ్గిపుల్ల గీయకుండానే సరుకు అంటుకోవచ్చు. ఈ టెన్షన్ వల్లే ఓడల్లో పంపే ఫిష్ మీల్ అంతర్జాతీయ ప్రమాదకర సరుకుల జాబితాలో ఉంది, యాంటీ ఆక్సిడెంట్ కలపనిదానికి 1374, కలిపినదానికి 2216 అని వేరువేరు నంబర్లు కూడా ఉన్నాయి. ఏళ్ల తరబడి ఇథాక్సిక్విన్ అనే రసాయనం కలిపేవాళ్లు, 2017లో యూరోపియన్ యూనియన్ మేతల్లో దాని వాడకాన్ని నిలిపేశాక వేరే దారులు వెతుక్కుంటున్నారు.

ఇక నాణ్యత. "వ్యర్థం నుంచి సంపద" అనే నినాదం వినడానికి బాగుంటుంది గానీ, ట్యూనా మీల్, పెరూలో ఆంకోవీ అనే చిన్న చేపతో చేసే మీల్ ఒకటి కావు. ఆంకోవీని చేపకు చేప వేసి చేస్తారు, ప్రొటీన్ 65 శాతం దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే ఉంటుంది. ట్యూనా మీల్‌లో ఎముక, తలకాయ ఎక్కువ, కాబట్టి ప్రొటీన్ తగ్గి బూడిద, అంటే కాల్చినా మిగిలే ఖనిజాల భాగం, పెరుగుతుంది. ఎముకలో ఉన్న ఫాస్ఫరస్‌ని రొయ్య సరిగ్గా అరిగించుకోలేదు, దాని పొట్టలో మనకున్నంత ఆమ్లం ఉండదు. అరగని ఫాస్ఫరస్ చెరువు నీళ్లలోకే వస్తుంది, నీళ్లు పచ్చబడతాయి. భీమవరం వైపు రొయ్యల రైతులకి ఈ బాధ చెప్పక్కర్లేదు, సాగు ఖర్చులో సగం దాకా మేతకే పోయేది వాళ్లకే కదా. థాయ్‌లాండ్‌కీ మన మేతల వ్యాపారానికీ చుట్టరికం కూడా ఉంది, ట్యూనా డబ్బాల్లో ప్రపంచంలోనే పెద్ద కంపెనీ అయిన థాయ్ యూనియన్‌కి మన అవంతి ఫీడ్స్‌లో దాదాపు నాలుగో వంతు వాటా ఉంది. ఎన్ని లోపాలున్నా ఈ మీల్ వద్దనలేం. ప్రపంచంలో తయారయ్యే ఫిష్ మీల్‌లో మూడో వంతు దాకా ఇలా కోసి పారేసిన భాగాల నుంచే వస్తోంది, అది లేకపోతే ఆ మేరకు సముద్రంలో ఇంకా చిన్న చేపల్ని ఊడ్చాల్సిందే.

నూనె దగ్గరికొస్తే కథ తిరగబడుతుంది. ఆంకోవీ నూనెలో డీహెచ్‌ఏ అనే ఒమేగా-3 కొవ్వు ఆమ్లం 12 శాతం వరకు ఉంటే ట్యూనా నూనెలో దాదాపు 25 శాతం. అందులో మంచి వాటా తలకాయలోనే, కంటి గుడ్డు వెనకున్న కొవ్వులో ఉంటుంది. పిల్లల పాలపొడి కంపెనీలు అడిగేది దీన్నే, పసిపిల్లల మెదడుకి, కంటికి డీహెచ్‌ఏ కావాలి. థాయ్ యూనియన్ అయితే జర్మనీలోని రోస్టాక్‌లో ట్యూనా నూనె శుద్ధి కర్మాగారమే పెట్టింది. కాకపోతే తలకాయల్ని పేగులతో కలపకుండా విడిగా, చల్లగా దాచి, వెంటనే నూనె తీయాలి. అన్నీ కలిపి ఒకే గుంటలో వేస్తే వచ్చేది నల్లగా, వాసన పట్టిన నూనె, అది మేతకి తప్ప పనికిరాదు.

ట్యూనా అనగానే అందరూ పాదరసం గురించి అడుగుతారు. అది ప్రొటీన్‌ని పట్టుకుని ఉంటుంది కాబట్టి మీల్‌లోకి పోతుంది, నూనెలోకి దాదాపు రాదు. డయాక్సిన్లు అనే విష రసాయనాలు దీనికి తిరగేసి, కొవ్వులో కరిగి నూనెలోకి వస్తాయి, శుద్ధి చేసేటప్పుడు యాక్టివేటెడ్ కార్బన్‌తో వాటిని తగ్గిస్తారు. కాడ్మియం అనే విష లోహం మాత్రం కాలేయం, పేగుల్లో పేరుకుంటుంది, మీల్‌లో కలిశాక మళ్లీ తీసే ఉపాయం లేదు. అందుకే ట్యూనా మీల్ కొనేవాడు ప్రొటీన్ శాతం కంటే ముందు, పేగులు కలిపారా లేదా అనేది అడగాలి.