సిగ్నల్ ఉంది, నెట్ లేదు

ప్రపంచంలో నెట్ వాడనివాళ్ల లెక్కలో ఒక తిరకాసు ఉంది. మొబైల్ కంపెనీల అంతర్జాతీయ సంఘం జీఎస్ఎంఏ లెక్క ప్రకారం 2023 చివరికి మొబైల్ బ్రాడ్‌బ్యాండ్ సిగ్నలే అందని చోట్ల ఉంటున్నవాళ్లు దాదాపు 35 కోట్ల మంది, అంటే ప్రపంచ జనాభాలో 4 శాతం. సిగ్నల్ అందే చోటే ఉంటూ కూడా మొబైల్ నెట్ వాడనివాళ్లు 310 కోట్లు, 39 శాతం. అంటే నెట్‌కు దూరంగా ఉన్న ప్రతి పదిమందిలో తొమ్మిదిమందికి ఇంటి దగ్గర సిగ్నల్ ఉంది. అయినా డిజిటల్ అంతరం గురించి మాట వచ్చిందంటే చాలు, మంత్రులైనా కంపెనీలవాళ్లైనా ముందు తెచ్చి చూపించేది కవరేజీ మ్యాపే. మ్యాప్ మొత్తం రంగు పడితే పనైపోయినట్టే లెక్క.

ముందు ఆ 4 శాతం సంగతి చూసేద్దాం, అది కాస్త తేలిక. టవర్‌కు అయ్యే ఖర్చు దాని కింద ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి మారదు. ఇనుము, బ్యాటరీలు, డీజిల్ జనరేటరు, మరమ్మతులు ఎక్కడైనా ఉండేవే, కొండల్లో అయితే సామాను పైకి చేర్చే ఖర్చు అదనం. ఆదాయం మాత్రం కింద ఉన్న సిమ్‌ల లెక్కన వస్తుంది. పైగా రేడియో తరంగం కొండకు తగిలితే వంగి అవతలి లోయలోకి సరిగ్గా దిగదు, ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ మరీ కష్టం. అల్లూరి సీతారామరాజు జిల్లా లాంటి ఏజెన్సీ ప్రాంతాల్లో కొండ దాటితే సిగ్నల్ పోవడానికి కారణం ఇదే. టవర్ నిలబెట్టినా దాన్ని మిగతా నెట్‌వర్క్‌తో కలపాలి కదా, దానికి ఫైబర్ అయినా వేయాలి, లేదా ఒకదానికొకటి అడ్డులేకుండా కనిపించే మైక్రోవేవ్ డిష్‌లైనా పెట్టాలి. ముప్పై గడపల గూడెం కోసం ఏ కంపెనీ కూడా తనంతట తాను ఈ ఖర్చు పెట్టదు. ప్రభుత్వం డబ్బు పెట్టాల్సిందే, ఇందులో పెద్ద రహస్యం ఏమీ లేదు.

మిగతా 39 శాతం సంగతి అంత తేలిగ్గా తేలదు. తూర్పు ఆఫ్రికాను చూస్తే విషయం బాగా అర్థమవుతుంది.

ఖండాల మధ్య నడిచే డేటా దాదాపు అంతా సముద్రం అడుగున వేసిన ఫైబర్ కేబుళ్లలోనే వెళ్తుంది. 2009 జులైలో సీకామ్ కేబుల్ వచ్చేదాకా కెన్యా, టాంజానియా తీరానికి అలాంటి కేబుల్ ఒక్కటీ లేదు. బయటి ప్రపంచంతో మాట్లాడాలంటే ఉపగ్రహమే దిక్కు. ఆ ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో ఉంటాయి. సిగ్నల్ కాంతి వేగంతో పోయినా పైకి వెళ్లి కిందికి దిగడానికి పావు సెకను పడుతుంది, జవాబు రావడానికి ఇంకో పావు సెకను. ఒక పేజీ తెరవాలంటే ఇటూ అటూ ఇలాంటి తిరుగుళ్లు చాలా ఉంటాయి కాబట్టి ఆ అర సెకన్లన్నీ కలిసి ప్రాణం తీస్తాయి. ఆలస్యం సంగతి అలా ఉంచితే, ఉపగ్రహంలో పట్టే డేటా తక్కువ, దాన్ని ఎందరో పంచుకోవాలి, అందుకని ధర ఎక్కువ. పేద దేశంలో ఉండేవాళ్లు ధనిక దేశంవాళ్ల కంటే నాసిరకం నెట్‌కు ఎక్కువ డబ్బు కట్టారన్నమాట.

సరే, కేబుల్ వస్తే అంతా సర్దుకుంటుందా? పశ్చిమ ఆఫ్రికాకు 2002లోనే శాట్-3 కేబుల్ వచ్చింది. కానీ అది ఒడ్డుకు చేరిన చాలా దేశాల్లో ఆ తలుపు తాళంచెవి ఆ దేశపు టెలిఫోన్ కంపెనీ ఒక్కదాని చేతిలోనే ఉండిపోయింది. పోటీ లేదు, కాబట్టి కేబుల్ ఉన్నా ఏళ్ల తరబడి ధరలు పెద్దగా దిగలేదు. తూర్పున అలా జరగలేదు. సీకామ్ వచ్చిన కొద్ది నెలలకే కెన్యా ప్రభుత్వం భాగస్వామిగా ఉన్న టీమ్స్ కేబుల్, 2010లో ఈసీ (EASSy) కేబుల్, ఇలా వరసగా వచ్చి ఒకదాంతో ఒకటి పోటీ పడ్డాయి. అన్నట్టు సీకామ్ ఇంకో కొస ముంబైలో తేలుతుంది, కెన్యా రేవు మొంబాసా నుంచి మనకు అదే సముద్రం.

కేబుల్ కంటే నాకు ఆసక్తిగా అనిపించేది నైరోబీలోనే జరిగిన ఇంకో చిన్న కథ. 2000 నాటికి నైరోబీలో ఒక కంపెనీ కనెక్షన్ ఉన్న ఆఫీసు నుంచి పక్కవీధిలో వేరే కంపెనీ కనెక్షన్ ఉన్న ఆఫీసుకు మెయిల్ పంపితే అది ఉపగ్రహం ఎక్కి అమెరికాకో యూరప్‌కో వెళ్లి, అక్కడ ఒక కంపెనీ నెట్‌వర్క్ నుంచి ఇంకో కంపెనీ నెట్‌వర్క్‌లోకి మారి, మళ్లీ ఉపగ్రహం ఎక్కి తిరిగొచ్చేది. రెండుసార్లూ డాలర్లలో ఛార్జీ. దీనికి మందు చాలా చవక: అన్ని కంపెనీలూ ఊళ్లోనే ఒక గదిలో తమ తీగలు తెచ్చి ఒక స్విచ్‌కు కలిపితే సరిపోతుంది. దీన్ని ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ అంటారు. 2000 నవంబరు చివర్లో ప్రైవేటు కంపెనీలు కలిసి అదే పని చేశాయి. ప్రభుత్వ గుత్తసంస్థ టెల్కామ్ కెన్యా ఊరుకోలేదు, నెట్ ట్రాఫిక్ మోసే హక్కు తనదేనంటూ ఫిర్యాదు చేసింది, నియంత్రణ సంస్థ రెండు వారాల్లో దాన్ని మూయించింది. మళ్లీ తెరుచుకున్నది 2002 ఫిబ్రవరిలో. డబ్బు ఉంది, యంత్రం ఉంది, తెలిసిన ఇంజనీర్లు ఉన్నారు, అయినా ఏడాదికి పైగా పక్కవీధి మెయిల్ సముద్రాలు దాటే తిరిగింది. పేద దేశాల్లో నెట్ లేకపోవడానికి పేదరికమే కారణం అనేవాళ్లకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పన్నులు కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఉగాండా 2018 జులై 1 నుంచి వాట్సాప్, ఫేస్‌బుక్ లాంటివి వాడాలంటే రోజుకు 200 షిల్లింగులు కట్టాలంది. కట్టనివాళ్లకు అవి తెరుచుకునేవి కావు. 2021లో ఆ పన్ను తీసేసి, డేటా మీదే 12 శాతం వేసింది. ఇక పసిఫిక్ సముద్రంలోని చిన్న దీవుల దేశం టోంగాది దురదృష్టం, 2022 జనవరి 15న సముద్రంలో అగ్నిపర్వతం పేలి ఆ దేశాన్ని ఫిజీతో కలిపే ఒకే ఒక్క కేబుల్ తెగిపోతే బాగుపడటానికి ఐదు వారాలు పట్టింది. పెద్ద దేశాలకు ఒకటి తెగితే పది ఉంటాయి.

ఇప్పుడు చేతిలో ఫోన్ దగ్గరికి వద్దాం. సహారాకు దిగువన ఉన్న ఆఫ్రికాలో అట్టడుగు 20 శాతం ప్రజలకు అతి చవక నెట్ ఫోన్ కొనాలంటే దాదాపు ఒక నెల సంపాదన మొత్తం పోతుంది. మనకు వాయిదాల మీద కొనుక్కునే దారి ఉంది, నెల జీతమే లేనివాళ్లకు వాయిదా ఎవరిస్తారు? కొన్నా ఛార్జింగ్ పెట్టాలి, ఆ ప్రాంతంలో సుమారు 60 కోట్ల మందికి ఇంట్లో కరెంటు లేదు, సంతలోనో సోలార్ పలక ఉన్న కొట్లోనో డబ్బులిచ్చి ఛార్జింగ్ పెట్టించుకుంటారు. ఆ పాత ఫోన్లో 2జీ కనెక్షన్ మీద నేటి వెబ్ పేజీ తెరవడం మామూలు శిక్ష కాదు. ఈ రోజుల్లో సగటు పేజీ బరువు 2 మెగాబైట్లు దాటింది, అంటే 160 లక్షల బిట్లు, సెకనుకు లక్ష బిట్లు వచ్చే లైను మీద అది దిగడానికి 160 సెకన్లు. ఈ పేజీలు తయారుచేసేవాళ్లు ఖరీదైన ఫోన్లో, ఫైబర్ కనెక్షన్ మీద పరీక్షించి బాగుందనుకుంటారు. ఇది కూడా అంతరానికి ఒక కారణమే, ఎవరూ ఆ లెక్కలో వేయరు గానీ.

సరే, ధరలు పడిపోతే? దానికి మనదేశమే పెద్ద ప్రయోగశాల. 2016 సెప్టెంబరు 5న జియో మొదలైంది. 2014లో గిగాబైట్‌కు సగటున 269 రూపాయలు పడిన డేటా 2018 నాటికి 12 రూపాయల దరిదాపుల్లోకి వచ్చింది. ఇంత వేగంగా ధర పడిపోయిన దేశాలు అరుదు. మరి ఆ తర్వాత, 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఏం చెప్పింది? తెలంగాణలో జీవితంలో ఒక్కసారైనా నెట్ వాడామన్న ఆడవాళ్లు 26.5 శాతం, మగవాళ్లు 57.9 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లు 21 శాతం, మగవాళ్లు 48.8 శాతం. దేశ సగటు చూస్తే ఆడవాళ్లలో 33.3. హైదరాబాదు, అన్ని ఐటీ కంపెనీలు, ఊరికో ఇంజనీరింగ్ కాలేజీ, అమెరికాలో మన పిల్లలు, అన్నీ ఉండి కూడా ఆడవాళ్ల విషయంలో మన రెండు రాష్ట్రాలూ దేశ సగటు కంటే కింద ఉన్నాయి. ఆ తర్వాత ఈ అంకెలు పెరిగే ఉంటాయి, కానీ అదే టవర్ కింద, అదే ఇంట్లో, అదే చవక డేటా ఉండి మొగుడికీ పెళ్లానికీ మధ్య సగానికి సగం తేడా ఉందంటే దాన్ని ఏ కేబులూ తగ్గించలేదు. ఇంట్లో ఫోన్ ఒక్కటే ఉంటే అది పొద్దున్నే మగవాళ్ల జేబులో బయటికి పోతుంది. ఆడపిల్లకు ఫోన్ ఎందుకు, చెడిపోతుంది అనే ఇళ్లు ఎన్నో. చదువు, సంపాదన ఎవరి చేతిలో ఉంటే ఫోన్ కూడా వాళ్ల చేతిలోనే ఉంటుంది.

భాష సంగతీ ఉంది. వెబ్‌సైట్లలో సుమారు సగం ఇంగ్లిష్‌లోనే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల్లోనే 8 కోట్లకు పైగా మాట్లాడేవాళ్లున్న తెలుగు వాటా ఒక్క శాతానికి దరిదాపుల్లో కూడా లేదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఒక వింత జబ్బు చేసింది, గుర్తుందా? 'జ్ఞా' అనే అక్షరాన్ని మధ్యలో కంటికి కనపడని ఒక కోడ్‌తో కలిపి మెసేజ్‌లో పంపితే అవతలి ఫోన్లో యాప్ కుప్పకూలిపోయేది. ప్రపంచమంతా నవ్వుకుంది, యాపిల్ కొద్దిరోజుల్లోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. అదే లోపం ఏ ఇంగ్లిష్ అక్షరంతోనో వచ్చి ఉంటే ఆ ఫోన్ ఫ్యాక్టరీ గేటు దాటేదా? తెలుగువాళ్లు రాసే సాఫ్ట్‌వేర్ అన్ని దేశాల్లో నడుస్తోంది, తెలుగు అక్షరాన్ని మాత్రం తీరిగ్గా పరీక్షించినవాళ్లు లేరు.

ఇదంతా ఇన్నాళ్లూ నెట్ ఉంటే మంచిది, లేకపోతే లేదు అన్నట్టుగా నడిచింది. ఇప్పుడు అలా లేదు. ఉపాధి హామీ పనుల్లో హాజరు 2023 జనవరి 1 నుంచి, ఒక్కొక్క లబ్ధిదారుకు చేసే సొంత పనులు తప్ప, మిగతా అన్నిచోట్లా యాప్‌లోనే పడాలని కేంద్రం చెప్పింది. పనిచోట కూలీలను చూసుకునే మేట్ తన సొంత ఫోన్లో వాళ్ల ఫొటో రోజుకు రెండుసార్లు తీసి ఎక్కించాలన్నది ఆ రూలు. ఫొటో ఎక్కకపోతే మస్టర్‌లో హాజరు లేదు, హాజరు లేకపోతే కూలి లేదు. సిగ్నల్ లేని చోట ఫొటో తీసి దాచుకుని, తర్వాత సిగ్నల్ ఉన్న చోటికి వెళ్లి అప్‌లోడ్ చేయవచ్చని అధికారులు అంటారు. ఆ వెళ్లడం ఎంత దూరమో, ఆ ఫోన్‌కు, ఆ డేటాకు ఎవరి డబ్బో, ఫోన్ పాడైతే కొత్తది ఎవరు కొంటారో మాత్రం చెప్పరు. పొద్దంతా ఎండలో మట్టి తవ్విన మనిషికి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, నెట్ కూడా అక్కర్లేదు, అయినా ఆమె కూలి డబ్బులు ఇంకొకరి ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడ్డాయి. నెట్ వాడేవాళ్లు ఇంతమంది, వాడనివాళ్లు ఇంతమంది అని ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ వేసే లెక్కల్లో గత మూడు నెలల్లో ఒక్కసారి వాడినవాళ్లు కూడా 'వాడేవాళ్ల' కిందే వస్తారు. ఈమెను ఏ కాలమ్‌లో వేయాలో ఆ పట్టికలో లేదు.