ఒక దీర్ఘం వెనుక కథ

దేవరకొండ దగ్గరి మా దోస్తు ఒకడు డిగ్రీ అయిపోగానే హైదరాబాద్‌లో ఒక న్యూస్ ఛానల్ ఆడిషన్‌కు పోయాడు. 2000ల మధ్య మాట. గొంతు బాగుంటుంది వాడికి. ఊళ్లో వినాయక నిమజ్జనానికి మైకు పట్టేది వాడే, ఎవరి పిల్లాడు తప్పిపోయినా చెప్పేది వాడే. ఆడిషన్‌లో ఇచ్చిన కాగితంలో మొదటి వార్త ముఖ్యమంత్రి పర్యటన. వాడు “పర్యటిస్తున్నరు” అని చదివాడు. ఎదురుగా కూర్చున్నాయన “న్నారు” అని సరిదిద్దాడు. మళ్లీ చదివితే మళ్లీ “న్నరు” అనే వచ్చింది. మూడోసారి టెన్షన్‌తో “న్నాఆరు” అని సాగదీశాడట. గదిలో అందరూ నవ్వారు. “వాయిస్ బాగుంది, యాస తగ్గించుకుని రా” అని పంపేశారు. వాడు ఇమ్లీబన్‌లో దేవరకొండ బస్సెక్కాడు.

ఆ దీర్ఘం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే చాలా వెనక్కి పోవాలి.

మన దగ్గర రేడియో మొదట మాట్లాడింది ప్రధానంగా ఉర్దూలో. హైదరాబాద్‌లోని రేడియో కేంద్రాన్ని 1935లో నిజాం ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుంది. అదే డెక్కన్ రేడియో. తెలుగుకు అందులో కొంత చోటు ఉండేది గానీ పెద్దపీట ఉర్దూదే. 1948 సెప్టెంబర్ 17న నిజాం తన లొంగుబాటును ప్రకటించింది ఈ రేడియోలోనే. నల్లగొండ పల్లెల్లో అప్పటికి సాయుధ పోరాటం నడుస్తోంది. తమ బతుకుల్ని మార్చే ఆ మాటను అక్కడ తమ చెవులతో విన్నవాళ్లు ఎంతమంది ఉంటారు? రేడియో సెట్టు ఉన్న ఇల్లే అరుదు. వార్త ఒకరి నోటి నుంచి ఒకరికి చేరింది, అదీ ఊరి యాసలోనే.

1950 ఏప్రిల్‌లో డెక్కన్ రేడియో ఆకాశవాణిలో కలిసిపోయింది. విజయవాడ కేంద్రం దానికి ముందే, 1948 డిసెంబర్ 1న మొదలైంది. ఢిల్లీ నుంచి కూడా తెలుగు వార్తలు వచ్చేవి. పొద్దున ఏడు గంటలకు “ఆకాశవాణి, వార్తలు చదువుతున్నది...” అనగానే పొయ్యి దగ్గర చాయ్ గిన్నె చప్పుడు కూడా తగ్గేది. ఆ తర్వాత వచ్చే పేరు కోసమే వినేవాళ్లున్నారు: జోలిపాళెం మంగమ్మ, పన్యాల రంగనాథరావు, అద్దంకి మన్నార్, కొత్తపల్లి సుబ్రహ్మణ్యం. మొహం తెలియదు, ఊరు తెలియదు, గొంతు మాత్రం ఇంట్లో మనిషిది.

ఇక్కడ మనం తేలిగ్గా చేసే ఆరోపణ ఒకటుంది. కోస్తావాళ్లు వాళ్ల భాషను మన మీద రుద్దారు అని. అందులో నిజం ఉంది. పాఠ్యపుస్తకాలకూ పత్రికలకూ ఒరవడి పెట్టిన శిష్ట వ్యావహారికానికి, అంటే చదువుకున్నవాళ్ల వాడుక భాషకు, వేళ్లు కృష్ణా, గుంటూరు, గోదావరి వైపే ఉన్నాయి. కానీ కథ అంతటితో అయిపోదు. తెలుగు వార్తలు చదివిన తొలి మహిళగా పేరున్న మంగమ్మది మదనపల్లె. వార్తల తెలుగు ఆమె ఊరి తెలుగూ కాదు. ఇంకా వెనక్కి పోతే, షబ్నవీసు వెంకట రామ నరసింహారావు 1922లో నల్లగొండ నుంచే నీలగిరి పత్రిక తెచ్చారు. మన పాలమూరు మనిషి సురవరం ప్రతాపరెడ్డి 1926లో గోలకొండ పత్రిక పెట్టారు. ఆ పత్రికల్లో మన ఇంటి మాట వెతికితే దొరికేది తక్కువ. ఉర్దూ రాజ్యమేలే రోజుల్లో తెలుగు అచ్చులో కనిపించడమే వాళ్లకు పెద్ద పోరాటం. ఏ తెలుగు అనే ప్రశ్న ఇంకా పుట్టలేదు.

పైగా న్యూస్ రీడర్ పని తీరే వేరు. ఆకాశవాణిలో ఆ ఉద్యోగం పేరే న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్. ఇంగ్లిష్‌లో వచ్చిన వార్తను టైమ్ మించకుండా తెలుగు చెయ్యాలి, వెంటనే మైకు ముందు కూర్చోవాలి. ఆ హడావిడిలో మనిషి చేతికి అలవాటైన వాక్యమే వస్తుంది. “ప్రధానమంత్రి పేర్కొన్నారు”, “ఉద్ఘాటించారు”. ఏ ఊళ్లోనూ ఎవరూ ఉద్ఘాటించరు.

వార్తలు తయారయ్యే విభాగాలు హైదరాబాద్, విజయవాడల్లో ఉండేవి. నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ అలాంటిది లేదు. కోదాడ, హుజూర్‌నగర్ వైపు విజయవాడ బాగా పలికేది. తర్వాతి రోజుల్లో అలంపూర్ వైపువాళ్లకు కర్నూలు దగ్గరైంది. అంటే వార్తలు చదవాలన్న ఆశ ఉన్న మన పిల్లలకు మొదటి పరీక్ష స్వరపరీక్ష కాదు, బస్సు టికెట్టు. పాసైనా ఎక్కువమందికి దొరికేది క్యాజువల్ ప్యానెల్, అంటే పిలిచినప్పుడే పని. నెలకు ఆరు డ్యూటీలకు మించి ఇవ్వరు. మిగతా రోజులు ట్యూషనో, డబ్బింగో, ఇంకో ఉద్యోగమో. రేడియోలో ఏళ్ల తరబడి గొంతు వినిపించిన మనిషి, జీతం స్లిప్పు అడిగితే చూపించలేని పరిస్థితి ఇది.

టీవీ సంగతికొస్తే, పాలమూరుకు ఒక విచిత్రమైన గౌరవం ఉంది. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం మొదలైంది 1977 అక్టోబర్‌లో. దానికంటే ముందే, 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు, అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ చూపించిన ‘సైట్’ ప్రయోగం జరిగింది. అందులో మన మహబూబ్‌నగర్ పల్లెలు కూడా ఉన్నాయి. తారు రోడ్డు కంటే ముందు ఉపగ్రహం వచ్చిన ఊళ్లన్నమాట. ఏడాది కాగానే ఉపగ్రహాన్ని పక్కకు తిప్పుకున్నారు, బొమ్మ ఆగిపోయింది.

హైదరాబాద్ దూరదర్శన్‌లో తెలుగు వార్తలు 1983 నవంబర్ 14న మొదలయ్యాయి. చదివింది శాంతిస్వరూప్. చాలా ఏళ్లు టెలిప్రాంప్టర్, అంటే చదవాల్సింది కెమెరా ముందే చూపించే తెర, లేదు. చేతిలో కాగితాలు, ముందు కెమెరా. ఒక వాక్యం కళ్లతో పట్టుకుని, తలెత్తి, జనం మొహంలోకి చూసి చెప్పాలి. తల ఎప్పుడు దించాలో తెలిసినవాడే ఆ రోజుల్లో మంచి రీడర్. 2011లో రిటైరయ్యేదాకా ఆయన అక్కడే పనిచేశారు, 2024 ఏప్రిల్‌లో కన్నుమూశారు. మా ఇళ్లల్లో “శాంతిస్వరూప్ లెక్క మాట్లాడుతున్నడు” అంటే పొగడ్త, వెక్కిరింత రెండూ. ఊరి పిల్లాడు పట్నం తెలుగు మాట్లాడితే పడే మాట అది.

1995లో జెమిని, ఈటీవీ వచ్చాయి. 2003 చివర ఈటీవీ2, 2004లో టీవీ9తో ఇరవైనాలుగు గంటల వార్తలు మొదలయ్యాయి. ఇక్కడే న్యూస్ రీడర్ యాంకర్ అయ్యాడు. కాగితం పోయి ప్రాంప్టర్ వచ్చింది. చెవిలో పీసీఆర్ (కంట్రోల్ రూమ్) నుంచి ప్రొడ్యూసర్ అరుస్తుంటాడు, నోరు వేరే వార్త చెబుతుంటుంది, కింద స్క్రోలింగ్ ఇంకోటి నడుస్తుంటుంది. అంతలో ఫోన్ లైన్లోకి జిల్లా స్ట్రింగర్, అంటే జీతం లేకుండా వార్తకింత అని పనిచేసే విలేకరి. స్పష్టంగా చదవడం వచ్చినంత మాత్రాన సరిపోదు, ఊరు తెలియాలి.

ఉదాహరణకు ఆత్మకూరు. సూర్యాపేట జిల్లాలో ఆత్మకూరు ఎస్ ఉంది. యాదాద్రి జిల్లాలో ఆత్మకూరు ఎం ఉంది. వనపర్తి జిల్లాలో ఇంకో ఆత్మకూరు. నంద్యాల, నెల్లూరు వైపు ఉన్నవి సరేసరి. “ఆత్మకూరులో ఆటో బోల్తా” అని చదివి యాంకర్ బ్రేక్‌కు పోతే, ఇక్కడ మూడు జిల్లాల్లో ఫోన్లు మోగుతాయి. 2016లో జిల్లాలు విడదీశాక ఈ బాధ పెరిగింది గానీ తగ్గలేదు. స్టూడియోలో మన వైపు మనిషి ఒక్కడుంటే చదివేముందు ఎస్సా, ఎమ్మా అని అడుగుతాడు.

తెలంగాణ ఉద్యమం ఈ లెక్క మార్చింది. 2011లో టీ న్యూస్, 2012లో వీ6 వచ్చాయి. వీ6 తీన్మార్ వార్తలతో న్నరు, చేసిండు, గిట్ల, గట్ల టీవీలోకి దర్జాగా నడిచొచ్చాయి. చేవెళ్ల పక్కన పామెన నుంచి వచ్చిన బిత్తిరి సత్తి ఇంటింటికీ తెలిశాడు. పాత నల్లగొండ జిల్లా మనిషి చింతపండు నవీన్‌ను తీన్మార్ మల్లన్న అంటే తప్ప ఎవరూ గుర్తుపట్టరు. ఆ పేరుతోనే ఆయన 2024లో వరంగల్-ఖమ్మం-నల్లగొండ పట్టభద్రుల స్థానం నుంచి ఎమ్మెల్సీ అయ్యారు. వార్తలు చెప్పే యాస ఓట్లు కూడా తెస్తుందని ఏ స్వరపరీక్ష ప్యానెలూ ఊహించి ఉండదు.

సంబరపడాల్సిందే. కానీ నాకు ఒకటి గుచ్చుకుంటుంది. తీన్మార్ అయిపోయాక వచ్చే మామూలు బులెటిన్ చూడండి. కోటు, టై, “న్నారు”. యాసకు దొరికింది నవ్వించే అరగంట. బడ్జెట్‌ను, హైకోర్టు తీర్పును, పెద్దమనిషి మరణవార్తను ఎవరూ యాసలో చదవరు. చదివితే సీరియస్‌గా ఉండదని ఛానల్ వాళ్లు అంటారు. మా ఊళ్లో చావు కబురు మాత్రం రోజూ “సచ్చిపోయిండంట” అనే చెప్పుకుంటారు, ఎవరూ నవ్వరు.

ఇక జిల్లా కేంద్రాల్లో నడిచిన లోకల్ కేబుల్ వార్తలది వేరే చరిత్ర. ఒక గది, వెనక నీలం తెర, సాయంత్రం బులెటిన్, మధ్యలో బట్టల షాపు, నర్సింగ్ హోమ్ ప్రకటనలు. రీడరే యాడ్ తేవాలి, రీడరే వాయిస్ ఓవర్ చెప్పాలి. 2017 మార్చి చివరికల్లా కేబుల్ అంతా డిజిటల్ కావాలని గడువు పెట్టేసరికి చాలామంది సర్దుకున్నారు. వాళ్లలో చాలామంది ఇప్పుడు యూట్యూబ్‌లో ఉన్నారు.

మా దోస్తూ అక్కడే తేలాడు, నల్లగొండలో. ఆడిషన్ తర్వాత రెండేళ్లు అద్దం ముందు కూర్చుని దీర్ఘం సాధించాడు. ఇప్పుడు సాయంత్రం ఆరింటికి కోటేసుకుని “కలెక్టర్ పరిశీలించారు” అని చదువుతాడు. అదే కుర్చీలో కోటు విప్పి, కండువా వేసుకుని, ఏడింటికి “కలెక్టర్ సారు సూసిపోయిండు” అంటాడు. రెండోదానికే వ్యూస్ ఎక్కువ. మొన్న ఇంట్లో అన్నం దగ్గర కూర్చుని “అమ్మా, వడ్డిస్తున్నారా?” అన్నాడట. వాళ్లమ్మ గరిటె పట్టుకుని, “గదేం మాటరా, నేనేమన్న కలెక్టర్‌నా?” అంది.