గట్టు ఎవరి పక్షం?

గట్ల మీద చెట్టూ చేమా ఉంటే పంటకు పురుగు పెరుగుతుందా, తగ్గుతుందా? ఐరోపాలో గోధుమ, బార్లీ చేలలో పేనుబంక మీద పనిచేసిన వాళ్లు రెండూ నిజమేనంటారు.

అక్కడ బార్లీని పీల్చే ఒక రకం పేనుబంక చలికాలానికి ముందు బర్డ్ చెర్రీ చెట్లకు చేరి గుడ్లు పెడుతుంది. వసంతంలో పిల్లలు అక్కడే పెరిగి, రెక్కలొచ్చాక చేలలో దిగుతాయి. ఫిన్లాండ్‌లో ఆ కొమ్మల మీద గుడ్లు లెక్కపెట్టి వేసవి ఉధృతిని అంచనా వేసే పద్ధతి కూడా ఉంది. చలి అంతగా లేని ఇంగ్లండ్‌లో వీటికి గుడ్ల అవసరమే లేదు. గడ్డి మీద, పాత పంట రాలుగింజల మొలకల మీద బతికేస్తాయి. సెప్టెంబరులోనే విత్తిన చేను కనిపిస్తే అందులో వాలి, మొక్కను పసుపుబార్చి గిడసబార్చే ఎల్లో డ్వార్ఫ్ వైరస్ అంటిస్తాయి. కాస్త ఆలస్యంగా విత్తితే ఎగిరొచ్చే గుంపులు చాలావరకు తప్పిపోతాయి. ఆ గుంపులను లెక్కించడానికే అక్కడి రోథమ్‌స్టెడ్ పరిశోధన కేంద్రం 1964 నుంచి 12.2 మీటర్ల ఎత్తు గొట్టాలతో గాలిని పీలుస్తోంది.

మరి గట్టు చేసే మేలు? పేనుబంక ఒంట్లో గుడ్డు పెట్టి దాన్ని చంపే బుల్లి కందిరీగలకు గడ్డీ పూలూ కావాలి. జర్మనీలో జరిగిన ఒక పరిశీలనలో పచ్చదనం ఎక్కువున్న చోట ఈ కందిరీగలూ పెరిగాయి, పేనుబంకా పెరిగింది. లెక్క దాదాపు చెల్లుకు చెల్లు!

పేనుబంకను తింటూ నేల మీద తిరిగే పెంకుపురుగుల కథ వేరు. చలికాలం గడ్డి దుబ్బుల్లో దాక్కుని, వసంతంలో ఎక్కువగా కాలినడకనే చేలోకి వస్తాయి. చేను మరీ పెద్దదైతే నడిమధ్యకు చేరేసరికి ఆలస్యమైపోతుంది. ఈలోగా పేనుబంక ఊరుకోదు, ఆ కాలంలో దానికి మగతోడే అక్కర్లేదు. వెచ్చటి రోజుల్లో పుట్టిన పిల్ల పది రోజులు తిరక్కుండానే తల్లవుతుంది. అందుకే 1980ల చివర్లో ఇంగ్లండ్‌లోని హ్యాంప్‌షైర్‌లో పెద్ద చేల మధ్య గడ్డి గట్లు పోసి చూశారు. వాటిలో పెంకుపురుగులు బాగానే కాపురం పెట్టాయి. ఇంత చేసి, తొందరపడి మందు కొడితే అవీ చస్తాయి. మళ్లీ ముందొచ్చేది పేనుబంకే.

నా మటుకు, గట్టున పచ్చగా ఉందా అన్నదానికన్నా ఏ మొక్క ఉందన్నదే అసలు ప్రశ్న. మన పత్తి చేలలో అలసంద వేయమని చెప్పేదీ ఇందుకే. దాని మీద మూగే నల్ల పేనుబంక వేరే జాతి, పత్తిని పెద్దగా పట్టించుకోదు. దాన్ని తినడానికి చేరిన అక్షింతల పురుగులు మాత్రం పక్కనున్న పత్తి పేనుబంకనూ వదలవు.